అత్తగారి గంట

మా అక్క కాలేజీలో సర్క్యూట్ల పాఠాలు చెబుతుంది. పిల్లలు ఆమెను కరెంటు మేడం అంటారు. వాళ్ళకు తెలియదు గానీ, ఇంట్లో బల్బు పోతే మార్చేది మా బావే. కంప్యూటర్లో వెయ్యి వోల్టులతో చెడుగుడు ఆడే మనిషి, గోడకున్న స్విచ్చును వేలికొసతో నొక్కి వెనక్కి గెంతుతుంది. తెర మీద పులి, గోడ దగ్గర పిల్లి.

కిందటేడు అక్కావాళ్ళ అత్తగారికి గొంతు ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, మాట పోయింది. వెనకగదిలో మంచం మీదున్న మనిషి, మంచినీళ్ళు కావాలన్నా ఎలా పిలుస్తుంది? బజార్లో ఒక బెల్లు కొనుక్కొస్తానన్నాడు బావ.

"ఇన్నేళ్ళూ నేను చదివింది బెల్లు కొనుక్కోడానికా?" అంది అక్క.

అత్తగారి వేళ్ళలో బలం లేదు. ఇలా తాకితే చాలు, కాసేపు మోగుతూ ఉండాలి. అలాంటి సర్క్యూట్‌ను సాఫ్ట్‌వేర్‌లో గీసింది. అక్కడ పార్టు కాలినా పొగ రాదు కాబట్టి ఎన్ని కాల్చిందో లెక్కలేదు. చివరికి తెర మీద గంట మోగింది. ఆపైన రబ్బరు చెప్పులు వేసుకుని మరీ అసలు తీగల్ని టంకం పెట్టి అతికించింది. తొమ్మిది వోల్టుల బ్యాటరీకి అంత మర్యాద చూసి బావ నవ్వాపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు.

అసలు గంటా మోగింది. అత్తగారు మురిసిపోయింది. ఫ్యాన్ తగ్గించమని, పెంచమని, ఊరికే ఒకసారి ముఖం చూపించమని మోగించేది.

ఒక సెలవురోజు మధ్యాహ్నం ఇల్లంతా నిశ్శబ్దం. అత్తయ్య హాయిగా నిద్రపోతోందనుకుని అక్క ముందుగదిలో, కంప్యూటర్లోని గంట స్వరాన్ని ఇంకాస్త తియ్యగా చేసే పనిలో పడింది. అక్కడ గంట చక్కగా మోగుతోంది. చాలాసేపటికి వెనకగదికి వెళ్ళి చూస్తే, ఖాళీ గ్లాసు ఒళ్ళో పెట్టుకుని ఆవిడ బటన్ నొక్కుతూనే ఉంది. కళ్ళలో నీళ్ళు.

అక్క గీసుకున్న బొమ్మలో బ్యాటరీ తొమ్మిది వోల్టులంటే తొమ్మిదే, ప్రళయం వచ్చినా తగ్గదు. అసలు బ్యాటరీ అయిపోతుందన్న సంగతి అంత చదువుకున్న మా అక్కకు తట్టలేదు.

"ఎంతసేపట్నుంచి నొక్కుతున్నారత్తయ్యా?"

ఆవిడ కోడలి చెయ్యి పట్టుకుంది. అక్క గ్లాసు నింపి తెచ్చి, తాగించి, పక్కనే కూలబడి బావురుమంది.

ఆ సాయంత్రమే కొత్త బ్యాటరీ వేసింది. బావ చేత కంప్యూటర్నీ టేబుల్నీ వెనకగదిలోకి మోయించింది. ఇప్పుడు పాఠాలన్నీ ఆ మంచం పక్కనే తయారవుతాయి. అక్క ఇంట్లో ఉన్నంతసేపూ గంట అవసరమే లేదు. అయినా నేను వెళ్ళినప్పుడల్లా చూస్తాను, చెయ్యి చాస్తే అందేంత దూరంలో కోడలు ఉండగానే ఆవిడ గంట నొక్కుతుంది.

"ఏం కావాలత్తయ్యా?"

ఏమీ వద్దన్నట్టు ఆవిడ తలూపుతుంది. బ్యాటరీ ఉందో లేదో చూస్తోందిలే అంటుంది అక్క. ఆవిడ చూసేది బ్యాటరీని కాదని అక్కకూ తెలుసు. అందుకే ప్రతిసారీ పని ఆపి, కుర్చీ తిప్పి మరీ అడుగుతుంది.