ఇస్త్రీపెట్టె ప్రభంజనం

ఆ రోజుల్లో మా పార్టీకి కువైట్‌లో ఉన్నంత బలం రాష్ట్రంలో ఏ మూలా లేదు. అంటే, హవల్లీలో అరబ్బులు తొడిగే కాళ్లదాకా తెల్ల చొక్కాలు, అదే దిశ్దాషాలు, ఇస్త్రీ చేసే మా లాండ్రీలో నలుగురం, ఫింటాస్‌లో ఇంటిపని చేసే మా ఊరి అక్క ఒకామె (మహిళా విభాగమంతా ఆమే). ఇక్కణ్ణుంచి వోటు వేసే వీల్లేదు కనుక మా ఉద్యమమంతా ఫోన్లోనే. అభ్యర్థి సాక్షాత్తు మా చిన్నాయన. గెలుస్తానని ఆయనకే నమ్మకం లేదు. కనీసం మూడో స్థానమన్నా రాకపోతే కండువా తీసేసి టమోటా తోటకు కాపలా పోవాలని చిన్నమ్మ షరతు పెట్టింది.

కిందటి ఎన్నికల నుంచీ ఆయన గుర్తు ఇస్త్రీపెట్టె. లాండ్రీవాళ్లకు ఇంతకన్నా దైవసంకల్పం ఏం కావాలి! పొగలు కక్కే పెట్టెను ఆకాశానికెత్తి, "దీనికే గుద్దండి!" అని వీడియో తీసి ఊరంతటికీ పంపాను. ఆ ఆవిరికి సగం కువైట్ మబ్బు పట్టిందంటే మీరు నమ్మరు గానీ, ఒక దిశ్దాషా మాడిన మాట మాత్రం నిజం. అక్క ఇంకా గట్టిది. "మామా చూస్తే ఫోను లాక్కుంటాదని బాత్రూములో నిలబడి చెప్పినా తమ్ముడూ (మామా అంటే ఆమె యజమానురాలు). మా యత్త గూడా ఇస్త్రీపెట్టెకే ఏస్తా అనింది. నా మాట ఇనడం ఇదే మొదులు!" అని మురిసిపోయింది.

ఫలితాల రోజు ఇస్త్రీపెట్టె మూడో స్థానంలో నిలిచింది. మిఠాయి నోట్లో పెట్టుకున్నానో లేదో, చిన్నాయన ఫోను.

"రేయ్ అబ్బోడా, ఆ ఇస్త్రీపెట్టె నాయాలు ఎవుడ్రా?"

"నువ్వే గదా చిన్నాయనా!"

"నాది బెండకాయరా! గుర్తు మారిందని గ్రూపులో పెడ్తి గదరా! వాడెవుడో ఇండిపెండెంటు. పెచారానికే రాల్యా. మీ యమ్మ గూడా వానికే ఏసిందంట!"

చిన్న పార్టీకి గుర్తు సొంతం కాదని, ఎన్నికకూ ఎన్నికకూ మారిపోవచ్చని నాకు అప్పుడు తెలిసింది. ఆయన వాయిస్ మెసేజ్ మా జిందాబాద్‌ల అడుగున ఎక్కడో పూడిపోయింది. మిఠాయి మింగాలో ఉమ్మాలో తెలియక చాలాసేపు బుగ్గనే ఉంచుకున్నాను.

నాలుగో స్థానంలో ఆగిన చిన్నాయన తోటకు పోయాడు. (ఇప్పటికీ ఆ గట్టు మీద బెండ వేయనివ్వడు.) ప్రచారం లేకుండానే ఇంత జనాదరణా అని నోరెళ్లబెట్టిన పార్టీ, ఆ ఇండిపెండెంటును పిలిచి కండువా కప్పింది. తర్వాతి ఎన్నికల్లో అతనే గెలిచాడు. రాష్ట్రంలో మా పార్టీకి అదే మొదటి సీటు. పార్టీ పెరిగినందుకు ఎగరాలో, చిన్నాయన కోసం ఏడవాలో నాకింకా తేలలేదు.

మొన్న ఆ ఎమ్మెల్యే కువైట్ వచ్చాడు. నెరిసిన మీసం దువ్వుకుని, బొకే పట్టుకుని వెళ్లాను.

"ఎవరు మీరు?" అన్నాడు.

'మీ ప్రభంజనాన్నండీ' అనబోయి, "లాండ్రీ సార్" అన్నాను.

"సమయానికొచ్చారు" అంటూ నలిగిన చొక్కా తెప్పించి నా చేతిలో పెట్టాడు.

పెట్టె వేడెక్కి పొగలు కక్కుతుంటే, దాన్ని ఆకాశానికెత్తి అరిచిన ఆనాటి కుర్రాడు జ్ఞాపకమొచ్చి నవ్వుకున్నాను. ఈసారి మాత్రం మాడనివ్వలేదు.