చూద్దాం అన్న మాట

మా మామ నోట 'వద్దు' అన్న మాట నేను ఎన్నడూ వినలేదు. ఆయన 'చూద్దాం' అనేవారు. పెళ్లయి తిరుత్తణికి కాపురానికి వచ్చిన కొత్తలో, బి.ఏ. చదివి ఊరికే కూర్చోవడం ఎందుకు, బడిలో టీచరు పనికి పోతానని ఆయన్ను అడిగాను. 'చూద్దాం మ్మా' అన్నారు. చూస్తున్నారు కదా అని నేను నెలల తరబడి బడికి కట్టుకుపోయే చీరలు మడతపెట్టి సిద్ధంగా ఉంచుకున్నాను. చివరికి మా అత్తే జాలిపడింది. "ఏమే పిచ్చిదానా, ఆయన చూద్దాం అన్న్యాడంటే వద్దని లెక్క. ఇంకా తెలీలేదా నీకు?" అంది. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. వద్దంటే వద్దని చెప్పి ఏడవొచ్చు కదా!

ఈ ప్రపంచంలో ఇలాంటి మనిషి మా మామ ఒక్కరే అనుకున్నాను చాలా కాలం. డెబ్బైల చివర్లో ఒక పూట మా ఇంటికి ఇద్దరు పెద్దమనుషులు వచ్చేదాకా అదే నా నమ్మకం.

వాళ్ళు ఎందుకు వచ్చారో చెప్పాలంటే మా ముందు గది గురించి చెప్పాలి. అందులో మామ మగ్గం ఉండేది. గుంట మగ్గం. గట్టు మీద కూర్చొని, కాళ్ళు గుంటలోకి వేలాడేసి, తొక్కుడు కర్రలు తొక్కుతూ నేసేది. మామ తాను నేయడమే కాక, మా వీధిలో మరో పది ఇళ్ళకు నూలిచ్చి నేయించేవారు. అప్పటికే వీధిలో సగం మంది పవర్‌లూమ్‌కు పోయారు. మిగిలిన సగం మామ మొహం చూస్తున్నారు. మా ఆయనకు తిరువళ్ళూరులో ఆఫీసు ఉద్యోగం. రోజూ రైల్లో పోయి రావడం, వచ్చిన వెంటనే ఒకటే పాట. "ఇంకా ఏంటికి నాయనా ఈ మగ్గం? గుంట పూడ్చేసి ముందర రూము సైకిల్ షాపుకి బాడిగకి ఇచ్చేద్దాం." మామ వినీ విననట్టు నేస్తూనే ఉండేవారు. ఒక రోజు మాత్రం, "మద్రాసు బ్రోకరు పెద్ద ఆర్డరు తెస్తాడంట. అది రానీ. రాకుంటే అప్పుడు చెప్పు," అన్నారు. అంటే ఆ ఆర్డరు వస్తే మగ్గం ఉంటుంది, రాకపోతే గుంట పూడుతుంది. ఇంట్లో అందరికీ అర్థమైంది.

ఆ ఆర్డరు ఇచ్చేవాళ్ళే ఆ ఇద్దరు. ఒకాయన లండన్ దొర, ఇంకొకాయన హాంకాంగ్‌లో కుట్టు ఫ్యాక్టరీ ఉన్న చైనా ఆయన. గుడ్డ మాది, కుట్టు హాంకాంగ్‌లో, అమ్మకం లండన్‌లో. ఇద్దరూ ఏళ్ళుగా కలిసి వ్యాపారం చేస్తున్నారట. తిరుపతి రోడ్డు మీద అంబాసిడర్ కారులో వచ్చి మా వీధి మొగదల దిగారు. వాళ్ళను వెంటబెట్టుకు రావలసిన బ్రోకరుకి కామెర్లు. ఇక ఇంగ్లీషు మాట్లాడే దిక్కు ఎవరు? నేనే. పుట్టింటి తిరువళ్ళూరు నుంచి మద్రాసు కాలేజీకి రైల్లో తిరిగి సంపాదించిన నా బి.ఏ. ఇంట్లో పనికొచ్చిన మొదటి రోజు అదే. వాళ్ళలో వాళ్ళకు ఇంగ్లీషు ఉంది కదా, నేను మామకు తెలుగులో చెబితే చాలు అనుకున్నాను. ఎంత అమాయకురాలిని!

చైనా ఆయన తన కార్డు రెండు చేతులతో పట్టి, కాస్త వంగి మామకు ఇచ్చాడు. మామ రెండు చేతులతో అందుకొని కళ్ళకద్దుకున్నారు. దొర వెనక జేబులోంచి ఒకటి లాగి చాప మీద పెట్టాడు. ఆ తరువాత చైనా ఆయన మాట్లాడకుండా కూర్చున్నాడు. మామా మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్ళిద్దరికీ ఆ మౌనం హాయిగానే ఉంది. దొరకు మాత్రం కుదురు లేదు. ఎండ గురించి, రోడ్డు గురించి, మళ్ళీ ఎండ గురించి మాట్లాడాడు.

కాసేపటికి మామ గొంతు సవరించుకొని, "ఏందో సామీ, తాతల కాలం నుంచి చేతనైన కాడికి నేస్తా ఉండాం. అంత గొప్ప పనేమీ కాదు," అన్నారు. నేను ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. ఇద్దరి మొహాలూ వాడిపోయాయి. వాతావరణం తేలిక చేద్దామని కాబోలు దొర నవ్వుతూ, "నేను మాత్రం ఏం గొప్ప? గుడ్డ సంగతి అసలు తెలియదు, లెక్కల్లో అయితే మరీ సున్నా," అన్నాడు. చైనా ఆయన నవ్వలేదు. తన వంతుగా, "నా ఫ్యాక్టరీ చాలా చిన్నది, పని కూడా ఏమంత బాగుండదు," అన్నాడు. ఈసారి దొర నవ్వడం మానేశాడు. ముగ్గురూ ఎవరిని వాళ్ళు తక్కువ చేసుకున్నారు, ముగ్గురూ పక్కవాడి మాట మాత్రం నిజమని నమ్మేశారు. మర్యాదకు అన్న మాట అని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నన్నెవరూ అడగలేదు.

అప్పుడు మామ గుడ్డ తెచ్చి పరిచారు. ఎర్రటి ఎరుపు మీద నల్లటి, పసుప్పచ్చటి గళ్ళు. ఆ ఎరుపు కోసం ఆయన స్వయంగా అద్దకం దగ్గర నిలబడి నూలు మూడుసార్లు ముంచి తీయించారు. చైనా ఆయన కళ్ళు వెలిగాయి. దొర గుడ్డను వేళ్ళతో నలిపి, వెలుతురుకు ఎత్తి చూసి, "వెరీ ఇంటరెస్టింగ్," అన్నాడు. మళ్ళీ ఒకసారి చూసి, "రంగు మాత్రం బ్రైట్‌గా ఉంది, కదూ? కాస్త ఆలోచిద్దాం," అన్నాడు. ఆ 'ఆలోచిద్దాం' నా చెవిన పడగానే నేను మామ వైపు చూశాను. అది నాకు బాగా తెలిసిన మాట. దాని కోసం నేను నెలల తరబడి చీరలు మడతపెట్టాను.

భోజనాలు వడ్డించాం. చైనా ఆయన ప్రతిదానికీ చేయి అడ్డం పెట్టాడు. అత్త పట్టించుకోకుండా వేస్తే సంతోషంగా తిన్నాడు. చివర్లో ఆకులో కాస్త కూర, కాస్త అన్నం వదిలేశాడు. దొర మెతుకు లేకుండా ఊడ్చి తిన్నాడు. ఆకు ఖాళీ అయితే అత్త ఊరుకుంటుందా? మళ్ళీ వేసింది. ఆయన మళ్ళీ ఊడ్చాడు. ఈమె మళ్ళీ వేసింది. దొర చెమటలు కక్కుతూ "వండర్‌ఫుల్" అంటున్నాడే గానీ, చాలు తల్లీ అనడు.

చేయి కడుక్కోవడానికి ఆయన్ను పెరట్లోకి తీసుకుపోతే, చెంబు అందుకుంటూ గొంతు తగ్గించాడు. "అతని ఫ్యాక్టరీ నిజంగా అంత బాగుండదంటారా? మీరంతా ఏషియా వాళ్ళు కదా, మీకు తెలుస్తుంది." ఏషియా వాళ్ళట! నేను అప్పటికి మద్రాసు దాటి ఎటూ పోలేదు. సరే అనుకునే లోపల, "ఇంకో సంగతి. ఆ ఎరుపు మా ఊరికి కాస్త ఎక్కువ. కొంచెం తగ్గిస్తే రేపే ఆర్డరు ఇస్తాను. నేనన్నానని మాత్రం అనకండి," అన్నాడు.

"మీరే చెప్పండి సార్, మామ మారుస్తారు," అన్నాను.

"అయ్యయ్యో, పెద్దాయన నొచ్చుకుంటారు!"

ముందరికి వస్తే అరుగు మీద చైనా ఆయన కాచుకొని ఉన్నాడు. "ఆయనకు నిజంగా లెక్కలు రావా? ఇన్నేళ్ళుగా ఆయన లెక్కే నేను నమ్ముతున్నాను." నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఇంటరెస్టింగ్ అన్నాడు, అంటే నచ్చిందనా? మీ దేశాన్ని వాళ్ళు ఏలారు కదా, మీకు వాళ్ళ మాట తెలుస్తుంది." మీ ఊరిని వాళ్ళు ఇప్పటికీ ఏలుతున్నారు కదయ్యా, నీకే తెలియకపోతే నాకేం తెలుస్తుంది అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన ఇంకా చెప్పాడు. దొర అడిగే తేదీకి చొక్కాలు కుట్టి ఇవ్వడం కుదరదట. వాళ్ళ కొత్త సంవత్సరానికి కుట్టేవాళ్ళంతా ఊళ్ళకు పోతారట. పైగా మాట ఇవ్వాల్సింది హాంకాంగ్‌లో ఉన్న వాళ్ళ పెద్దన్నయ్యట.

"అదే ఆయనతో చెప్పండి," అన్నాను.

"ఎలా చెబుతాను? ఆయన మొహం మీద కుదరదంటే ఇద్దరికీ పరువు తక్కువ," అని నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

లోపలికి పోయి మామతో తెలుగులో చెప్పేశాను, ఎరుపు కాస్త తగ్గించాలట అని. ఆయన తల ఎత్తి చూశారు. "ఆయప్ప నాతో అన్లేదే మ్మా? నోరు దెరిచి అడిగితే మారస్తా. అడగని దానికి ఎట్ల మారస్తాం?" సరే, ఇదీ ఒక న్యాయమే. నేను దొర వైపు తిరిగి, మీరు అడిగితే రంగు మారుస్తామంటున్నారు అన్నాను. దొర మొహం మా గుడ్డ కంటే ఎర్రనైంది. "నో, నో! ఇది చాలా బాగుంది. ఏమీ మార్చవద్దు!" పక్కనే ఉన్న చైనా ఆయన, దొరకు రంగు నచ్చిందని తల పంకించాడు.

నేను అంతటితో ఊరుకోలేదు. చైనా ఆయన్నే సూటిగా అడిగాను, ఆ తేదీకి చొక్కాలు కుట్టి ఇవ్వగలరా అని. "మేము బాగా ప్రయత్నిస్తాం," అన్నాడు. "స్ప్లెండిడ్," అన్నాడు దొర. అడిగిన నాకు నోరు నొప్పి తప్ప ఒరిగిందేమీ లేదు.

కారు ఎక్కేటప్పుడు దొర, "త్వరలో కబురు చేస్తాం," అన్నాడు. చైనా ఆయన మామ చేయి రెండు చేతులతో పట్టుకొని, "మళ్ళీ మాట్లాడదాం," అన్నాడు. మామ సంతోషానికి అంతు లేదు. "మనింట్లో అన్నం తిన్యారు. గుడ్డ బాగుండాదన్న్యారు. ఇంకేం గావాల?" అని వీధిలో నలుగురికీ చెప్పుకొచ్చారు. మర్నాడే ఆ ఎరుపుతోనే కొత్త పడుగు మగ్గానికి ఎక్కించారు. నేను మరోసారి చెప్పబోతే, "ఇద్దరూ బాగుండాదంటిరి కదమ్మా," అన్నారు.

ఆడి నెలలో, అంటే మన ఆషాఢంలో, బ్రోకరు వచ్చాడు. మామ లోపల నేస్తున్నారు. అతను అరుగు మీదే నిలబడి నాతో అరవంలో చెప్పాడు. హాంకాంగ్ ఆయన తేదీ చెప్పాలని లండన్ ఆయన కాచుకొని ఉన్నాడట. ఆర్డరు సంగతి లండన్ ఆయన తేల్చాలని హాంకాంగ్ ఆయన కాచుకొని ఉన్నాడట. ఒకరినొకరు అడగరట. గొడవేమీ లేదట, పండక్కి ఒకరికొకరు గ్రీటింగ్ కార్డులు కూడా పంపుకున్నారట. 'రెండు పేరుమే రొంబ నల్లవంగమ్మా' అన్నాడు. ఇద్దరూ చాలా మంచివాళ్ళట.

లోపలి నుంచి మామ కేకేశారు. "ఎవురు మ్మా? ఏమంట?"

ఏమని చెప్పను? కాదన్నారని చెబితే అబద్ధం. కాదని ఎవరూ అనలేదు.

"చూద్దాం అన్నారంట మామా," అన్నాను.

మగ్గం చప్పుడు ఆగింది. నేను లోపలికి వెళ్ళేసరికి ఆయన పోగు లాగే నాడె పక్కన పెట్టి, నేసిన మేరకు గుడ్డను అరచేత్తో నిమురుతున్నారు. "అట్లనా," అన్నారు. గుడ్డ మీంచి చేయి తీయకుండానే, "నా మొగం జూసి వద్దనలేక పోయినారు పాపం. మర్యాద తెలిసినోళ్ళు," అన్నారు.

మర్యాదట! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పూట ఒక్కడు, ఒక్క మాట, మొహం మీద అని ఉంటే మర్నాడే మామ ఆ నూలు మళ్ళీ అద్దించేవారు, వీధిలో మగ్గాలన్నీ ఆడేవి. వాళ్ళ మర్యాద మా గడప దాటి మా గుంట మీద పడింది. ఈయనేమో వాళ్ళ మీద జాలిపడుతున్నారు.

ఆ ఆదివారం మా ఆయన అన్నం తింటూ అడిగారు. "నాయనా, గుంట పూడ్పిచ్చేదా?"

మామ ఆకులోంచి తల ఎత్తలేదు. "చూద్దాం," అన్నారు.

సోమవారం పొద్దున ఇంటి ముందు మా ఆయన తోలించిన బండెడు ఇసుక దిగింది. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి, ఆ మాటను నాకంటే ఎన్నో ఏళ్ళు ముందు నుంచి విన్న మనిషి. దానికి అర్థం ఆయనకు తెలియలేదంటే నేను నమ్మను.