నేను ప్రార్థించిన కళ్లు

ఆరాధనలో కళ్లు మూసుకున్న ప్రతిసారీ ఒక బరువు గుండె మీదికి వచ్చి కూర్చుంటుంది. ఏళ్లుగా ఇంతే. దాని సంగతి ఇంతవరకూ ఏ మనిషికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

అప్పట్లో నేను హిందూపురంలో ఒక కంప్యూటర్ షాపులో పనిచేసేవాణ్ణి. గేములు ఆడేవాళ్ల కోసం వంపు తిరిగిన మానిటర్లు తెప్పిద్దామని యజమానిని ఒప్పించింది నేనే. అవి అమ్ముడుపోలేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. రోజూ వాటి దుమ్ము మాత్రం నా చేతే తుడిపించేవాడు.

అలాంటప్పుడు సుధాకర్ వచ్చాడు. మా చర్చి సంఘస్థుడే, అక్కడ నేను సంఘం పెద్దను. ధర్మవరం పట్టుచీరలకు కంప్యూటర్ మీద డిజైన్లు వేసేవాడు.

“అన్నా, పగలు డిజైన్లు, సాయంత్రం రోంతసేపు గేము. రెండిటికీ పనికొచ్చేది తక్కువలో ఏదుండాది?”

పక్కనే చదునైన మానిటర్ ఒకటి ఉంది. ఆటలో కాస్త నిదానం. రంగులు మాత్రం నిజం. వంపుదానిలో ఆట పరుగెత్తుతుంది గానీ, తల కొంచెం కదిపితే చాలు, మెరూన్ కాస్తా ఇటుక రంగులోకి తిరుగుతుంది. ఆ తేడా నాకు బాగా తెలుసు. తెలిసే వంపుదాని మీద చేయి వేశాను.

“ఇది తీసుకోప్పా.”

“రంగు మారదు గదన్నా? నాకు కూడు పెట్టేది రంగే.”

“మారదులే. నా మీద నమ్మకం లేదా?”

నవ్వాడు. “వాక్యం చెప్పే నోరు నీది. నిన్ను నమ్మకుంటే ఇంగెవర్ని నమ్మేదన్నా?”

వేసి చూడకుండానే తీసుకెళ్లాడు. మా వాళ్లంతే. సంఘం పెద్ద చెప్పాక వస్తువును పరీక్షించడం కూడా అవిశ్వాసమే అనుకుంటారు.

కొన్నాళ్లకు ధర్మవరంలో గొడవలు మొదలయ్యాయి. అతను తెర మీద చూసి ఖాయం చేసిన రంగు ఒకటి, చీరలో వచ్చేది ఇంకొకటి. “గేమాడి గేమాడి కండ్లు పోగొట్టుకుంటివి గదప్పా!” అని మగ్గాల దగ్గర ఎగతాళి చేశారట. అతనూ అదే నమ్మాడు. ఏ లోపమూ లేదని డాక్టరు చెప్పినా, అది డాక్టరుకు అందని జబ్బేమో అనుకున్నాడు.

ఒకరింట్లో పెట్టిన ప్రార్థన కూటంలో వాళ్లమ్మ లేచి కొడుకు కళ్ల కోసం ప్రార్థన కోరింది. పాస్టరుగారు నన్నే చేయమన్నారు. అరచేతులు అతని కళ్ల మీద పెట్టాను. “తండ్రీ, ఈ కన్నులను ముట్టు” అన్నాను. నా చేతుల కింద రెప్పలు వణికాయి. తడి తగిలింది.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు కదా? ఉద్యోగం పోతుందనా చెప్పలేదు? కాదు. ఇంతమంది ఆమేన్ అంటున్న నా ప్రార్థన అబద్ధికుడి నోటి నుంచి వస్తోందని వాళ్లకు తెలియడం, సుధాకర్ బతుకు చెడిపోవడం కన్నా ఘోరంగా తోచింది నాకు.

సుధాకర్ ఆ పని మానేశాడు. ఇప్పుడు పెనుకొండ దగ్గర ఒక గోడౌనులో సరుకు ఎత్తుతున్నాడు. ఒక ఆదివారం చర్చిలో సాక్ష్యం చెబుతూ, ఆటల పిచ్చికి దేవుడే తన కళ్లను శిక్షించాడన్నాడు. ముందు వరుసలో కూర్చుని తల ఊపాను. నా తప్పు చివరికి దేవుని మీదికి పోయింది.

మోకాళ్ల మీద దేవునికి ఎన్నోసార్లు ఒప్పుకున్నాను. అది సులువే, ఆయనకు ముందే తెలుసు. తెలియనిది సుధాకర్‌కు. అతనికి చెబుతానా? చెబుతానని ఇక్కడ రాస్తే అది ఇంకో అబద్ధమవుతుందేమోనని భయం. క్షమాపణ మిమ్మల్ని అడగను, అది మీరిచ్చేది కాదు. ఒక్క మాట మాత్రం బయట పెట్టనివ్వండి, ఊపిరాడుతుంది.

సుధాకర్ కళ్లు ఏనాడూ చెడలేదు. ఆ సంగతి, వాటి మీద చేతులు పెట్టి ప్రార్థించిన నాడే నాకు తెలుసు.