రంజాన్‌లో నా మధ్యాహ్న భోజనం

కువైట్‌కు వచ్చిన మూడు వారాలకే రంజాన్ మొదలైంది. జాబ్రియాలో నేను పనిచేసే ఇంట్లో ఇద్దరే ఉండేవారు. ఒకరు ఇంటావిడ, ఇక్కడి పనివాళ్లందరిలాగే నేనూ ఆమెను మామా, అంటే అమ్మా, అని పిలిచేదాన్ని. రెండోది ఆమె కూతురు, లండన్‌లో చదువుకుంటూ సెలవులకు వచ్చింది.

పక్కింట్లో మా కడప మనిషే పని చేసేది. గేటు దగ్గర కనబడి హెచ్చరించింది. "మే, ఈ నెలంతా పైలం. పగలు గుక్కెడు నీళ్లు తాగినా ఇంటికి పంపించేస్తారు."

నేను నమ్మాను, ఇంకెవరినీ అడగలేదు. తెల్లవారకముందే లేచి తినాలని తెలియక, వాళ్లకంటే కఠినంగా ఉపవాసం చేశాను. మధ్యాహ్నం మామా నాకోసం అన్నం, కోడికూర మూతపెట్టి ఉంచితే, నన్ను పరీక్షిస్తోందనుకుని ఫ్రిజ్‌లో దాచేశాను.

రెండో రోజు సాయంత్రం సమోసాలు చుడుతుంటే కూతురు పక్కన కూర్చుంది. అరబ్బీ, హిందీ, సైగలు కలిపి లండన్ కబుర్లు చెప్పింది.

"ఈ ముసుగు మీ నాన్న బలవంతంగా వేయించాడా అని అడుగుతారు అక్కడ. ఇంకో రెండేళ్లు ఆగమని అమ్మ అన్నా వినకుండా నేనే కట్టుకున్నాను. రంజాన్ వస్తే చాలు, నీళ్లు కూడా తాగరా అని ఒకటే జాలి."

నవ్వబోయాను. కళ్లు తిరిగి అక్కడే కూలబడ్డాను.

మామా పరుగున వచ్చింది. "పొద్దున ఏం తిన్నావు?"

"ఏం తినలేదు మామా. నిన్న కూడా. రంజాన్ గదా."

"తినొద్దని నీకెవరు చెప్పారు?"

చెప్పాను. కూతురు పకపకా నవ్వింది. "లండన్ దాకా పోనక్కర్లేదు. అలాంటివాళ్లు మన వంటింట్లోనే ఉన్నారు."

మామా నవ్వలేదు. మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, తాగేదాకా కదల్లేదు. "పగలు బయట నలుగురిలో తినకూడదు, అది ఇక్కడి చట్టం. ఇంట్లో నువ్వు తినాలి. బలవంతపు ఉపవాసం దేవుడికెందుకు?"

"మీరు పస్తుంటే మీ ముందర నేనెట్ల తినేది మామా? మీరు పెట్టిన కోడికూర గూడా పరీక్ష అనుకున్యా."

అప్పుడు నవ్వింది మామా, ముసుగు అంచుతో కళ్లు తుడుచుకునేంతగా.

మర్నాడు పక్కింటామెకు చెప్పాను. "నాలుగేండ్లుగా బాత్రూంలో దాక్కొని తింటాండా మే," అంది. ఇద్దరం గేటు పట్టుకుని నవ్వాము.

ఒక వారం గడిచాక, మధ్యాహ్నం నేను కంచం పెట్టుకుంటుంటే కూతురు కూడా కంచం తెచ్చుకుంది. నేను బిత్తరపోయాను.

"నెలసరి. ఈ రోజుల్లో మాకు ఉపవాసం ఉండదు. తర్వాత తీర్చుకుంటాం," అంది.

మా ఇంట్లో ఆ మూడు రోజులూ నన్ను వంటింటి గడప తొక్కనిచ్చేవారు కాదు. ఇక్కడ ఆ పిల్ల వంటింట్లోనే, నా పక్కనే కూర్చుంది. నేను నూరుకున్న ఎర్రకారం కొంచెం అన్నంలో కలిపి పెట్టాను. ముక్కు ఎగబీలుస్తూ, నీళ్లు తాగుతూ, ఇంకో ముద్ద పెట్టమంది.