హుసేనమ్మత్త నిండు బిందె

నిన్న మధ్యాహ్నం నీళ్ల క్యాను తెచ్చినతను మా మెట్ల దగ్గర కాలు జారి సగం నీళ్లు మట్టిలో ఒలకబోశాడు. అనంతపురం ఎండకు నెలల తరబడి కాగిన నేల వాటిని చూస్తుండగానే తాగేసింది. నేను తిడతానని అతను బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. మామూలుగా అయితే తిట్టేదాన్నే, నా నోరు అలాంటిది. కానీ ఆ తడిమట్టి వాసన తగలగానే హుసేనమ్మత్త గుర్తొచ్చి తిట్టడం మరిచిపోయాను. ఆ వాసనకు అందరికీ వాన గుర్తొస్తుందట. నాకు మాత్రం గార్లదిన్నె దగ్గరి మా ఊరి సమాధుల దిబ్బ గుర్తొస్తుంది.

నేను పెళ్లయి ఆ ఊరికి కోడలిగా వెళ్లింది పంతొమ్మిది వందల యాభైల చివర్లో. హుసేనమ్మత్త మా పక్కింటావిడ. చుట్టరికం ఏమీ లేదు, పక్కింటి పెద్దావిడను అత్తా అని పిలవడం మా వైపు అలవాటు. భర్త పోయాడు, పిల్లలు లేరు. దూది ఏకి పరుపులు కుట్టుకుని బతికేది. నాకు సూది పట్టడం నేర్పింది ఆమే. మా అత్తగారు అన్న మాటలకు ఏడుస్తూ వెళితే ఓదార్చేది కాదు. దూది నా ముందు కుప్పపోసి, "ఏడ్సు పిల్లా, ఎవురొద్దన్నారు? ఏడ్సుకుంటానే గింజలేరు" అనేది. గింజలు ఏరడం అయ్యేసరికి ఏడుపు కూడా అయిపోయేది. ఆ తర్వాత నా సంసారంలో వచ్చిన కష్టాలన్నిటినుంచీ నేను అలాగే గట్టెక్కాను.

ఆ ఊళ్లో నా మొదటి పీర్ల పండుగకు ఒక వింత చూశాను. పండుగ పదోనాడు ఊళ్లోని షేకులందరూ, ఆడా మగా, తమ వాళ్ల సమాధుల మీద నీళ్లు పోసి పేరు తలుచుకుంటారు. దప్పికతో ప్రాణాలు విడిచినవాళ్ల పేరు మీద జరిగే పండుగ కదా, ఆ రోజు చచ్చినవాళ్లెవరికీ దాహం ఉండకూడదని. కరువు సీమలో బిందెడు నీళ్లంటే మాటలా? హుసేనమ్మత్త మాత్రం తలమీద ఒకటి, చంకలో ఒకటి, రెండు బిందెలు తెచ్చింది. ఒకటి తనను పెంచినవాళ్లకూ భర్తకూ పోసింది. రెండోదాన్ని నిండుగా అలాగే ఇంటికి మోసుకొచ్చింది. ఎందుకని అడిగాను.

"ఇది మాయమ్మది. యాడ పొయ్యాల్నో తెలీదు" అంది.

మర్నాడు ఆ నీళ్లతోనే అన్నం వండుకుంది. నీళ్లు ఊరికే పారబోసే సీమ కాదు మాది.

ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు పెద్ద కరువొచ్చి, ఊరూరా గంజి తొట్లు పెట్టారట. ఆ వరుసలో ఎవరి చేయో పట్టుకుని నిలబడింది. ఆ చేయి అమ్మదో అక్కదో కూడా గుర్తు లేదు. తోపులాటలో చేయి జారింది. ఎవరి పిల్లవని అడిగితే 'షేకోళ్ల పిల్లను' అన్నదట. దూది ఏకే ఒక జంట తెచ్చి పెంచుకున్నారు. ఇక మా వైపు షేక్ అని చెప్పి సొంతవాళ్లను వెతకడమంటే, సంతలో ఎర్రచీర కట్టినామెను చూశారా అని అడగడమే. అయినా ఆమె మానలేదు. దూది కొనడానికి సంతకు వెళితే చాలు, మొదలుపెట్టేది.

"ఏమప్పా, ఏ ఇంటోళ్లు మీరు?"

"షేకోళ్లం."

"యా ఊరు షేకులు? గంజి కరువులో మీ ఇంట్లో ఆడపిల్ల ఏమన్నా తప్పిపోయినాదా?"

చాలామంది నవ్వి వెళ్లిపోయేవారు. ఒకసారి ఆమెతో నేనూ ఉరవకొండ సంతకు వెళ్లినప్పుడు మాత్రం ఒకతను నవ్వలేదు. "మా జేజి చెల్లెలు అట్లే తప్పిపోయినాదమ్మా. జేజి ఇంగా ఏడుస్తానే ఉండాది" అన్నాడు. దూది కొనడం మరిచిపోయి అతని వెంట నడిచాం.

అతని జేజి, అంటే నాయనమ్మ, కాశింబీ మంచంలో కూర్చుని ఉంది. కళ్లకు పొరలు. సంగతి వినగానే ఆమె హుసేనమ్మత్త చేతులు రెండూ గట్టిగా పట్టేసుకుంది. "నా చెయ్యే పట్టుకోనుండె, నా చెయ్యే" అని ఒకటే ఏడుపు. కాసేపటికి తేరుకుని, "జబ్బు చేస్తే పసుపుకొమ్ము కాల్చి ఎడమ పిక్క మీద వాత పెట్టినారు. ఉండాదా?" అని అడిగింది.

హుసేనమ్మత్త చీర కాస్త పైకి లాగి చూసుకుంది. నేను చెవిలో, "మాసిపోయినాదని చెప్పత్తా" అని గొణిగాను.

"లేదక్కా. ఈ కాలికీ లేదు, ఆ కాలికీ లేదు. నేను కాదు" అంది.

కాశింబీ చేతులు మెల్లగా వదిలేసింది. ఆ పూట జొన్నరొట్టెలు పెట్టకుండా మమ్మల్ని పంపలేదు. బస్సులో నాకు కోపం ఆగలేదు. ఒక్క మాట అనుంటే నీకో అక్క దొరికేది కదా అని దెప్పాను. ఆమె ఎండిన చెనక్కాయ చేలను చూస్తూ కూర్చుంది.

"నేను ఆ తావులో కూచుంటే, రేపు నిజ్జంగా ఆ యమ్మి వస్తే యాడ కూచోవాల పిల్లా?" అంది.

ఆ ఏడు పీర్ల పండుగకు కాశింబీ మనవణ్ణి పంపి మమ్మల్ని పిలిపించింది. మనవడి భుజం పట్టుకుని తన తల్లి సమాధి దగ్గరికి తీసుకెళ్లింది. "ఈమె మాయమ్మ. పొయ్యి" అంది.

హుసేనమ్మత్త ఇంటినుంచి తెచ్చి ఆ ఊరి బావిలో నింపుకున్న బిందెను చంకలోంచి దించలేదు. "నీ చెల్లెలు పొయ్యాల్సిన నీళ్లక్కా. నేనెట్ల పోస్తా?"

"అది యాడన్నా బతికుంటే, ఆడ మీయమ్మకు పోస్తాంటాది. నువ్వు ఈడ మాయమ్మకు పొయ్యి. అమ్మలకు దప్పి తీరితే సాలు."

హుసేనమ్మత్త వంగింది. తలుచుకోవడానికి పేరు లేక, 'అమ్మా' అని మాత్రం అంటూ బిందె మొత్తం వంచేసింది. మట్టి వాసన గుప్పుమంది. తిరుగు ప్రయాణంలో ఆ ఖాళీ బిందెను ఒళ్లో పెట్టుకుని నిద్రపోయింది. ఆమె అంత ఆదమరిచి నిద్రపోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

అరవైలు ముగిసేలోగా ఆమె పోయింది. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఏటా ఆమెకు నేనే నీళ్లు పోశాను. ఇప్పుడు అనంతపురంలో ఉంటున్నాను, మోకాళ్లు బస్సెక్కనివ్వవు. వెళ్లలేనందుకు బాధ లేదని అబద్ధం చెప్పలేను. పోయిన పండుగకు ఇక్కడే, మా వీధి చివరి సమాధుల్లో ఎవరూ రాని ఒకదాన్ని చూపించమని అడిగాను. ఎవరో షేకులామెదట, పేరు ఎవరికీ తెలియదు. 'అమ్మా' అని నీళ్లు పోశాను. అక్కడ మా ఊళ్లో, హుసేనమ్మత్తకు ఎవరో ఒక కోడలు పోసే ఉంటుంది.