ఉల్టా ఖోప్డీ

నా చిన్నప్పుడు నా తలకాయ విషయంలో మా వీధిలో రెండు వర్గాలుండేవి. అది తలకిందులుగా అమర్చి ఉందని ఒక వర్గం, అసలు అమర్చడమే మరిచిపోయారని ఇంకో వర్గం. నేను మాత్రం ఎన్నికల్లో నిలబడ్డవాడిలా రెండు వర్గాలకూ దండం పెట్టి తిరిగేవాణ్ని.

కారణం లేకపోలేదు. నాది ఎడమచేతి వాటం. పలక మీద అక్షరాలు కుడి నుంచి ఎడమకు, అద్దంలో చూసినట్టు తిప్పి రాసేవాణ్ని. నా కళ్లకు అవి చక్కగానే ఉండేవి. వీణ్ని ఉర్దూ బడిలో వేస్తే సరిపోతుంది కదా అని ఒక పెద్దమనిషి సలహా కూడా ఇచ్చాడు. మా రాయచూరులో తిట్టు ఏ భాషలో బాగా తగులుతుందో ఆ భాషలోనే తిడతారు. నాకు ఉర్దూలో తగిలింది. ఉల్టా ఖోప్డీ. అంటే తిరగబడ్డ బుర్ర. బళ్లో, బజార్లో, చివరికి ఇంట్లో కూడా అదే నా పేరైపోయింది.

పైకి నవ్వేవాణ్ని గానీ లోపల భయం ఉండేది. నిజంగానే నా బుర్ర తిరగబడి పుట్టిందేమో, దాన్ని సరిచేసే మందు లేదేమో అని. ఆ ఏడు పంతులుగారు మా నాన్నను పిలిపించి, మీవాడికి అక్షరం ఎక్కదు, ఏదైనా పనిలో పెట్టుకోండి అని చెప్పాడు. నాన్న తిడితే బాగుండేది. తిట్టలేదు. పండగ కాగానే బడి మాన్పిస్తానని అమ్మతో మెల్లగా అన్నాడు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఆ పండగ గౌరి పున్నమ. మా దిక్కున ఆడపిల్లలు చక్కెర బొమ్మలు పళ్లెంలో పెట్టుకుని వెళ్లి అమ్మవారికి హారతి ఇస్తారు. పెళ్లి కుదిరిన పిల్లకైతే మగపెళ్లివాళ్లు ఆ బొమ్మలు పంపాలి. మా మేనత్త ఇల్లు మా ఇంటికి ఆనుకునే ఉండేది. ఆ ఏడు ఆమె కొడుక్కి దేవదుర్గ ఊరి సంబంధం కుదిరింది. కాబట్టి బొమ్మల్లో ఏ లోటు వచ్చినా దేవదుర్గ దాకా నవ్వుతారని ఆమె బెంగ. చెక్క అచ్చులు నీళ్లలో నానబెట్టి, కడిగి, వంటింటి అరుగు మీద వరసగా నిలబెట్టింది.

పండగ ముందురోజు ఆ వంటింట్లోకి దూరాను. కిటికీ లేని గది అది. వెలుతురంతా కింద నేల మీద పాకం ఉడికే పొయ్యిదే. ఎదురుగా అరుగు మీద ఒక అచ్చులో ఏనుగు. తొండం, పొట్ట ఉబ్బుకొని, మంట వెలుగుకు ఎర్రగా మెరుస్తూ, నిఖార్సైన చక్కెర ఏనుగు! అత్త గరిటె వైపు తిరగగానే తొండం విరుచుకుందామని వేలు చాపాను. నా వేలు తొండానికి తగల్లేదు. తొండం ఉండాల్సిన చోట లోపలికి దిగిపోయింది. అక్కడ ఏనుగు లేదు, ఏనుగు ఆకారంలో గుంట ఉంది.

గుంట నాకు గుట్టలా కనబడిందంటే ఇంకేముంది, అక్షరాలే కాదు, లోకమంతా తిరగబడిందన్నమాట. దొంగతనానికి వచ్చిన సంగతి కూడా మరిచి గట్టిగా ఏడ్చాను.

నన్ను వెతుక్కుంటూ వచ్చిన నాన్న గుమ్మంలో నిలబడ్డాడు. అత్త నన్ను ఓదార్చలేదు. తమ్ముడి వైపు తిరిగింది.

"తమ్మీ, ఆ ఏనుగు జర తీసియ్యి. అచ్చులనే ఇర్కింది."

నాన్న వచ్చి ఏనుగు పొట్ట పట్టుకోబోయాడు. ఆయన వేళ్లు కూడా నా వేలు పోయిన చోటికే పోయాయి. అత్త పకపకా నవ్వింది. "ఇగ మీ ఇంట్ల ఇద్దరైండ్రు ఉల్టా ఖోప్డీలు!"

అప్పుడు టార్చి తెచ్చి అచ్చుకు పైనుంచి వేసింది. అదే ఏనుగు మా కళ్ల ముందే గుంటైపోయింది. టార్చి ఆర్పింది. మళ్లీ ఉబ్బింది. వెలుతురు ఎప్పుడూ పైనుంచే వస్తుందని మన బుర్రకు అలవాటని, కిందనుంచి వస్తే మెరుపూ నీడా తారుమారై, గుంటను గుట్ట అనుకుంటుందని చెప్పింది. మంచి బుర్ర కాబట్టే మోసపోతుందట. నేను ఆ రోజు టార్చి ఎన్నిసార్లు వెలిగించానో, బ్యాటరీలు అరిగిపోయాయి.

కథ అక్కడితో అయిపోయేదే. కానీ అరుగు చివర ఒక కొత్త అచ్చు ఉంది. తలుపులు చెక్కే వడ్రంగి, కాబోయే కోడలికి పంపే బొమ్మ కోసం 'గౌరి' అని అక్షరాలు ఎంతో ముద్దుగా చెక్కి ఇచ్చాడు. అత్త అందులో పాకం పోయబోతోంది. నాకు ఆ అక్షరాలు చూస్తే ఎందుకో నచ్చలేదు.

"అత్తా, ఆగు. గిది సక్కగుంది."

"సక్కగుంటె మంచిదేగదరా?"

"సక్కగుంటె ఉల్టా వస్తది."

గరిటె గాలిలో ఆగిపోయింది. అత్త అచ్చును, నన్ను, అచ్చును చూసింది. తర్వాత మా నాన్నను చూసింది. పాకం ముదురుతోంది, గరిటె నుంచి తీగలు సాగుతున్నాయి. చివరికి పాకాన్ని నెమలి అచ్చులో పోసి, ఆమె నిదానంగా అంది. "చూసినవా తమ్మీ, సక్కగ రావాలంటె ఉల్టా తెలిసినోడు ఒక్కడుండాలె ఇంట్ల."

నాన్న ఆ కొత్త అచ్చును తీసి పక్కన పెట్టాడు. దేవదుర్గకు నెమలి వెళ్లింది. పండగ తర్వాత నేను బడికి వెళ్లాను. ఆ పైన రెండేళ్లకు బడి నేనే మానేశాననుకోండి, అందులో నా బుర్ర తప్పేం లేదు, కాళ్లదే. అచ్చాఫీసులో చేరి, తిరగేసి ఉన్న సీసపు అక్షరాలు పేర్చి, సగం రాయచూరు శుభలేఖలు చక్కగా వచ్చేలా చూశాను.

మొన్న మా మనవరాలు ఫోనులో ఒక నీడబొమ్మ చూపించింది. ఒక నాట్యగత్తె గిర్రున తిరుగుతోంది. కుడికి తిరిగితే మీది కుడి మెదడట, కళాకారులట. ఎడమకు తిరిగితే ఎడమ మెదడట, లెక్కలవాళ్లట. దానికి కుడికి, నాకు ఎడమకు. కాసేపు కళ్లు చికిలించి చూస్తే నాకు రెండు వైపులా తిరిగింది. అంతా ఉత్తదే తాతా, మెదడు రెండు పక్కలా కలిసే పనిచేస్తుందని మా టీచర్ చెప్పిందని అదే అంది. నేను దానికి ఏనుగు కథ చెప్పాను. ఇప్పటికీ ఎవరైనా నాకు ఉల్టాగా మాట్లాడుతున్నట్టు తోస్తే, వెంటనే వాళ్లను ఏమీ అనను, వాళ్ల వెలుతురు ఏ వైపు నుంచి వస్తోందో చూస్తానని కూడా గొప్పగా చెప్పాను.

చిక్కుడుకాయలు తుంపుతున్న మా ఆవిడ తలెత్తకుండానే అంది.

"మీ తాత అచ్చు మంచిగనే ఉన్నది బిడ్డా. పాకమే తక్కువ పోసిండ్రు."