తోడేలు నీళ్లు తాగిన బండ

నాకు షుగరు ఉందని తేలినప్పుడు డాక్టరమ్మ మాత్రలతో పాటు నడక కూడా రాసిచ్చింది. మోకాళ్లు నడవనివ్వలేదు. అందుకని సైకిలు కొన్నాను. యాభై ఏళ్ల టీచరమ్మ గేర్ల సైకిలెక్కిందని మా వీధిలో కొన్నాళ్లు నవ్వుకున్నారు. నేను మాత్రం రోజూ తెల్లారగానే అనంతపురంలో కాలవ పక్కన వేసిన నడకదారిలో రెండు చుట్లు కొట్టి వచ్చేదాన్ని. ఇరువైపులా కానుగ చెట్లు, మధ్యమధ్యలో సిమెంటు బల్లలు, వాటిమీద రాజకీయాలు మాట్లాడుకునే పెద్దమనుషులు. నాకు అదే చాలుననిపించేది.

మా చిన్నాయనకు అది చాలలేదు. మా నాయనకు తమ్ముడాయన. ఫారెస్టు వాచరుగా చేసి రిటైరయ్యాడు. డెబ్బై దగ్గర పడుతున్నా పాత ఇనుప సైకిలు వదల్లేదు.

"గానుగెద్దు మాదిరి ఆడాడే తిరుగుతాండావు గదా పాపా! వాన పడినాది. రేపు ఆదివారం అడివి చూపిస్తా రా," అన్నాడు.

కాలవ గట్టు పట్టుకుని పోయి, అడవిలో దూరి, గార్లదిన్నె దగ్గర హైవేకు తేలి తిరిగి రావాలి. నలభై కిలోమీటర్లకు పైనే. నావల్ల అవుతుందా అన్నాను. "కాకపోతే తోసుకుంటా వద్దాం," అన్నాడు.

పొద్దు పొడవకముందే బయలుదేరాం. నడకదారి అయిపోయాక ఇళ్లు పలచబడ్డాయి. గట్టు మీద మట్టి తడిసి మెత్తగా ఉంది. చేలల్లో అప్పటికే విత్తడానికి గొర్రు కట్టిన వాళ్లున్నారు. గంటన్నర తొక్కాక అడవి మొదలైంది. అడవంటే ఎత్తైన చెట్లు ఊహించుకున్నాను. ఉన్నవన్నీ తుమ్మలు, బలుసు పొదలు, ఏనుగుల్లా పడుకున్న రాతి గుండ్లు. ఇదేనా అడవి అనుకున్నాను కానీ పైకి అనలేదు.

దారి ఎత్తెక్కుతున్న చోట ముందు పోతున్న చిన్నాయన ఉన్నట్టుండి కాళ్లు నేల కానించి సైకిలు ఆపేశాడు.

"ఆగు పాపా! తొక్కొద్దు!"

నేను పామనుకున్నాను. పాము కాదు. దారంతా ఎర్రగా కదులుతోంది. ఆరుద్ర పురుగులు. ఒకటీ రెండూ నా చిన్నప్పుడు అగ్గిపెట్టెలో దాచుకున్నవే. ఇక్కడ మాత్రం వందలు, వేలు. ఒక్కొక్కటి చిటికెన వేలి గోరంత, మఖమలు తొడుక్కున్నట్టు, తడి మట్టిలోంచి ఇంకా పైకి వస్తూనే ఉన్నాయి. ఏడాదంతా ఆ ఎండిన నేల కింద ఇవన్నీ ఒక వాన కోసం ఎదురుచూస్తూ ఉన్నాయా! వంగి ఎంతసేపు చూశానో నాకే తెలియదు.

వాటిమీద చక్రం పోనివ్వడానికి ఇద్దరికీ మనసొప్పలేదు. సైకిళ్లు భుజానికెత్తుకుని, దారి వదిలి, గుండ్ల మధ్యనుంచి మెల్లగా ఎక్కాం. చప్పుడు చేయకుండా ఎక్కబట్టే ఆ తర్వాతది చూడగలిగాం.

పైన ఒక పెద్ద పరుపు బండ ఉంది. దాని గుంటలో వాననీళ్లు నిలిచాయి. ఆ నీళ్ల దగ్గర బూడిద రంగు కుక్క ఒకటి తలవంచి తాగుతోంది. దాని వెనక పొడుగు కాళ్ల పిల్లలు మూడు, ఒకదాని తోక ఒకటి కొరుకుతూ దొర్లుతున్నాయి. ఊరకుక్కలు ఇంత దూరం ఎందుకు వచ్చాయా అని నేననుకుంటుండగానే చిన్నాయన నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"తోడేలు," అన్నాడు, గాలితో అన్నంత మెల్లగా.

అది తలెత్తింది. పసుపు కళ్లు. మాకూ దానికీ మధ్య ఒక తరగతి గది పొడవుంటుందేమో. నాకు భయమెయ్యలేదు. భయానికి కూడా చోటు లేనంతగా ఒళ్లంతా చూపైపోయింది. మమ్మల్ని పూర్తిగా చూసి, తొందరేమీ లేనట్టు తిరిగి, బండ దిగి పొదల్లోకి నడిచింది. పిల్లలు దాని వెంట పరిగెత్తాయి. నీళ్లు కాసేపు కదిలి నిలిచిపోయాయి.

చిన్నాయన గొంతుక్కూర్చుని తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. "నా సర్వీసులో కడపటి పదేండ్లు ఒక్కటీ కండ్లబడలే. పోయినాయనుకొంటి పాపా. అన్నీ పోయినాయనుకొంటి," అన్నాడు.

అవతలి వైపు దిగుతుంటే గొర్రెల మంద ఎదురైంది. కంబళి భుజాన వేసుకున్న కాపరి, నలభై ఏళ్లుంటాయి, మా సైకిళ్ల వైపు వింతగా చూశాడు.

"ఏమన్నా, పైకి పోయింటిరా? ఏమన్నా కండ్లబడినాదా?"

చిన్నాయన తడబడ్డాడు. చెబితే తోడేలుకు విషమందు పెడతారేమోనని ఆయన భయం. చెప్పకపోతే ఈయన గొర్రెలకు ముప్పు. "ఏమీ లేదప్పా. రాళ్లు రప్పలే," అన్నాడు చివరికి, నేల చూస్తూ.

కాపరి నవ్వాడు. "నాకు తెలుసులే అన్నా. చలికాలంలో పిల్లల్ని పెట్టినాది. అప్పట్నించి మందను ఆ పక్కకు తోలలే నేను."

"నీ గొర్రెలను పట్టుకపోలేదా?" అని అడిగాను.

"రెండు పిల్లలు పట్టుకపాయ అక్కా. ఇంట్లో తిట్టిరి. ఒకప్పుడు మేమూ మందు పెట్టినోళ్లమే. ఒకతూరి చచ్చినదాన్ని తిరగేసి చూస్తే రొమ్ముల నిండా పాలు. ఇంగ నాకు చెయ్యి రాలే." కర్రతో కింద వాగు వైపు చూపించాడు. "మేతకు ఆ వంక దాటి పోతాండా. దూరమే. ఏం చేస్తాం, దానికీ పిల్లలుండాయి గదా."

చిన్నాయన పోయి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. కాపరి సిగ్గుపడి, "ఇడువన్నా, ఎండ ముదురుతాండాది," అని మందను అదిలించుకుంటూ వెళ్లిపోయాడు.

గార్లదిన్నె దగ్గర హైవే పక్కన ఉగ్గాని, బజ్జీ తిన్నాం. ఊరికి చేరేసరికి మోకాళ్లు మంటలు. స్నానం చేసి పడుకుంటే కళ్లు మూసినా బండ, నీళ్లు, ఆ చూపు.

ఇరవై ఏళ్లుగా పిల్లలకు మన జిల్లా కరువు జిల్లా అని పాఠం చెబుతున్నాను. మరునాడు బడిలో ఆ మాట దగ్గరికి రాగానే సుద్దముక్క కింద పెట్టేశాను. తర్వాత పుస్తకం మూసి, ఆరుద్ర పురుగులను ఎవరెవరు చూశారో చేతులెత్తమన్నాను.